ఏఐ చిత్రం అడిగినట్టు రానప్పుడు: లోపాన్ని బట్టి ప్రాంప్ట్ దిద్దడం

చిత్రం తప్పుగా వస్తే చాలామంది ప్రాంప్ట్‌కు, అంటే ఏఐకి రాసి ఇచ్చే వర్ణనకు, మరికొన్ని విశేషణాలు చేరుస్తారు. అప్పటికీ కుదరకపోతే ఇంకొన్ని చేరుస్తారు. తప్పు ఎక్కడ జరిగిందో తేల్చుకోకుండా మాటలు పెంచడం వల్ల ఫలితం తరచుగా మరింత చెడుతుంది. మనం రాసిన మాట మోడల్ దాకా చేరకపోయి ఉండవచ్చు, చేరినా మరో వస్తువుకు అంటుకుని ఉండవచ్చు, లేదా ఆ లోపానికి ప్రాంప్ట్‌తో సంబంధమే లేకపోవచ్చు. ఒక్కోదానికి మందు వేరు.

కాబట్టి ముందుగా ఒక చిన్న పరీక్ష చేయాలి. చిత్రాలు గీసే ఏఐలలో ఎక్కువగా కనిపించే డిఫ్యూజన్ మోడల్ యాదృచ్ఛికమైన నాయిస్‌తో, అంటే అర్థంలేని చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, దాన్ని దశలవారీగా తొలగిస్తూ చిత్రాన్ని తయారుచేస్తుంది. ఆ తొలి నాయిస్‌ను నిర్ణయించే సంఖ్యను సీడ్ అంటారు. ఒకే ప్రాంప్ట్‌తో, వేర్వేరు సీడ్‌లతో నాలుగైదు చిత్రాలు తీసి చూడండి. లోపం ఒక్క చిత్రంలోనే ఉంటే అది ఆ నాయిస్ వల్ల వచ్చినదే, ప్రాంప్ట్‌ను ముట్టుకోనక్కరలేదు. అన్నిటిలోనూ అదే లోపం కనిపిస్తే అప్పుడు సీడ్‌ను స్థిరంగా ఉంచి, ఒకసారికి ఒక్క మార్పే చేస్తూ పోవాలి. సీడ్‌ను, మాటలను కలిపి మార్చేవారికి ఏ మార్పు పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

సమస్య: ప్రాంప్ట్ చివర రాసినవి చిత్రంలో కనిపించడం లేదు

ప్రాంప్ట్ నేరుగా చిత్రంగా మారదు. ముందు అది టోకెన్లనే చిన్న ముక్కలుగా విడిపోయి, టెక్స్ట్ ఎన్‌కోడర్ ద్వారా సంఖ్యల రూపంలోకి మారుతుంది. స్టేబుల్ డిఫ్యూజన్ అనే చిత్రాల ఏఐ తొలి మోడళ్లు వాడే క్లిప్ అనే టెక్స్ట్ ఎన్‌కోడర్‌కు 77 టోకెన్ల పరిమితి ఉంది. మొదలు, ముగింపు గుర్తులకు రెండు పోగా మనకు మిగిలేవి 75. ఆ పైన రాసినదాన్ని కొన్ని ప్రోగ్రాములు నిశ్శబ్దంగా కత్తిరిస్తాయి, కొన్ని 75 టోకెన్ల ముక్కలుగా విడగొట్టి పంపుతాయి. రెండో పద్ధతిలో మాటలు పోవు గాని, ఒక ముక్కలోని విశేషణానికి మరో ముక్కలోని నామవాచకంతో బంధం తెగిపోతుంది.

తెలుగులో ప్రాంప్ట్ రాసేవారికి ఈ పరిమితి మరింత త్వరగా తగులుతుంది. క్లిప్ ప్రధానంగా ఇంగ్లీషు వర్ణనలతో శిక్షణ పొందింది. తెలుగులో ఒక్కో అక్షర సంకేతం కంప్యూటర్ అక్షరాలను నిల్వచేసే యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది, ఆ ఎన్‌కోడర్ దాన్ని బైట్ల స్థాయికి చీల్చేస్తుంది. పొట్టి వాక్యానికే టోకెన్లు అయిపోతాయి, పైగా ఆ ముక్కలకు మోడల్ వద్ద అర్థమూ ఉండదు. ఇటువంటి మోడళ్లకు ప్రాంప్ట్‌ను ఇంగ్లీషులోనే ఇవ్వడం మంచిది. సంభాషణ రూపంలో పనిచేసే సాధనాలలో మాత్రం మధ్యలో ఒక భాషా మోడల్ ఉంటుంది కనుక తెలుగు చెల్లుతుంది.

పరిష్కారం కత్తిరింపే. ప్రధాన విషయం, అది చేస్తున్న పని, చుట్టూ ఉన్న స్థలం, వెలుతురు అనే వరుసలో రాసి, తీసేసినా చిత్రం మారని మాటలన్నీ తీసేయాలి. ముందున్న మాటలకు సాధారణంగా పట్టు ఎక్కువ కాబట్టి, మాయమవుతున్న వివరాన్ని ముందుకు జరపడం కూడా పనిచేస్తుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఫిర్యాదు కూడా వింటుంటాం: అడగనివి వచ్చి చేరుతున్నాయని. 2023లో వచ్చిన ఓపెన్‌ఏఐ చిత్రాల మోడల్ డాల్-ఈ 3 వంటి వాటిలో మీ చిన్న ప్రాంప్ట్‌ను భాషా మోడల్ పెంచి తిరగరాస్తుంది. ఆ తిరగరాసిన పాఠాన్ని చూపమని అడిగి, అందులో మీకు అక్కరలేని వివరాన్ని గుర్తించి, దాని స్థానంలో మీకు కావలసినదాన్ని స్పష్టంగా చెప్పండి. మీరు ఖాళీగా వదిలిన చోటును అది నింపుతుంది.

సమస్య: వద్దన్నదే వస్తోంది

"కార్లు లేని వీధి" అని రాస్తే వీధి నిండా కార్లు రావడం అరుదేమీ కాదు. మోడల్ నేర్చుకున్నది చిత్రాల పక్కనున్న వర్ణనల నుంచి; ఆ వర్ణనలు చిత్రంలో ఉన్నదాన్ని చెబుతాయి తప్ప లేనిదాన్ని చెప్పవు. అందువల్ల "కార్లు" అన్న మాట బలంగా పనిచేస్తుంది, "లేని" అన్నది దాదాపు వినిపించదు.

మొదటి పరిష్కారం, ఉండవలసినదాన్ని చెప్పడం: "తెల్లవారుజామున నిర్మానుష్యమైన వీధి, ఖాళీ రాతి బాట" అంటే కారు ప్రస్తావనే రాదు. రెండోది నెగెటివ్ ప్రాంప్ట్, అంటే వద్దనుకున్నవాటిని విడిగా రాసే చోటు. స్టేబుల్ డిఫ్యూజన్‌లో ప్రతి దశలోనూ మోడల్ రెండు అంచనాలు వేస్తుంది, ఒకటి మీ ప్రాంప్ట్‌తో, మరొకటి నెగెటివ్ ప్రాంప్ట్‌తో. రెండోదాని నుంచి దూరంగా, మొదటిదాని వైపు చిత్రాన్ని నెడుతుంది. కనుక అక్కడ "కార్లు" అని మాత్రమే రాయాలి. "కార్లు వద్దు" అని రాసి, ఫలితం రాలేదని విసుక్కునేవారు చాలామందే ఉన్నారు. మిడ్‌జర్నీ అనే మరో చిత్రాల సాధనంలో ఇదే పనిని ప్రాంప్ట్ చివర చేర్చే "నో" పారామీటర్ చేస్తుంది. ఫ్లక్స్ డెవ్ అనే మరో చిత్రాల మోడల్ వంటి వాటిలో ఈ రెండు అంచనాల పద్ధతిని శిక్షణలోనే ఒకటిగా కుదించారు కాబట్టి మామూలుగా నెగెటివ్ ప్రాంప్ట్ పనిచేయదు. అక్కడ మొదటి మార్గమే దిక్కు. ఎక్కడి నుంచో తెచ్చి అతికించే పొడవాటి నెగెటివ్ జాబితాల మీద నాకు నమ్మకం లేదు. చిత్రంలో నిజంగా కనిపించిన దోషాన్నే అందులో రాయాలి.

సమస్య: ఒకదాని రంగు మరొకదానికి అంటుకుంటోంది

"నీలం కోటు వేసుకున్న అమ్మాయి, ఎర్ర గొడుగు పట్టుకున్న అబ్బాయి" అని అడిగితే అమ్మాయి ఎర్ర కోటులో, అబ్బాయి నీలం గొడుగుతో వస్తారు. మాటలు చేరాయి, బంధాలు చేరలేదు. క్లిప్ ఎన్‌కోడర్ చిత్రానికీ వాక్యానికీ మొత్తం మీద పొంతన కుదిరిందా అని చూసేలా శిక్షణ పొందింది. ఏ విశేషణం ఏ నామానికి చెందిందనే వాక్య నిర్మాణాన్ని అది గట్టిగా పట్టుకోదు. 2022లో గూగుల్ వెలువరించిన ఇమాజెన్ అనే చిత్రాల మోడల్, పెద్ద భాషా మోడలైన టీ5ను ఎన్‌కోడర్‌గా వాడింది. ఆ తర్వాత స్టేబుల్ డిఫ్యూజన్ 3, ఫ్లక్స్ కూడా క్లిప్‌తో పాటు టీ5ను చేర్చుకున్నాయి. ఇటువంటి మోడళ్లకు కామాలతో విడగొట్టిన మాటల కన్నా పూర్తి వాక్యాలు మేలు: "ఎడమవైపు ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆమె కోటు నీలం రంగులో ఉంది" అన్నట్టు ఒక్కో మనిషికి విడిగా వాక్యాలు ఇవ్వాలి.

పాత మోడల్‌తోనే పని జరగాలంటే ప్రాంప్ట్‌తో కుస్తీ పట్టకండి. ముందు ఇద్దరినీ సరైన భంగిమల్లో తెచ్చుకుని, తప్పు రంగు పడిన భాగానికి మాత్రం మాస్క్ వేసి (ఆ చోటును ఎంచి), అక్కడే మళ్లీ గీయించే ఇన్‌పెయింటింగ్‌తో మార్చుకోవడమే తక్కువ శ్రమ. వస్తువుల సంఖ్య విషయమూ ఇంతే: రెండు మూడు వరకు మాట వింటుంది, ఏడో ఎనిమిదో అడిగితే లెక్క తప్పుతుంది.

సమస్య: ఎంత చెప్పినా పాత రూపమే వస్తోంది

గోడ గడియారంలో ఆరున్నర చూపమంటే ముళ్లు పది గంటల పది నిమిషాల దగ్గరే నిలుస్తాయి. గడియారాల ప్రకటన చిత్రాలలో ముళ్లను అలా అమర్చడం ఆనవాయితీ, మోడల్ చూసినవి ఎక్కువగా అవే. మాటలతో తోసినా కదలని అలవాటు ఇది. చేత్తో గీసిన ముతక స్కెచ్‌ను ఆధారంగా ఇచ్చి చిత్రం నుంచి చిత్రం పద్ధతి వాడాలి. అందులో ఆధార చిత్రాన్ని ఎంత మార్చాలో చెప్పే డీనాయిజింగ్ విలువ 0కు దగ్గరైతే మీ గీత అలాగే మిగిలిపోతుంది, 1కి దగ్గరైతే మీ గీతను మోడల్ పట్టించుకోదు, మధ్యలో వెతుక్కోవాలి. మనిషి భంగిమ కావాలంటే 2023లో వచ్చిన, భంగిమ రేఖలను ఆధారంగా తీసుకునే కంట్రోల్‌నెట్ అనే అదనపు సాధనం ఇంకా కచ్చితంగా పనిచేస్తుంది.

సమస్య: చిత్రం బాగానే ఉంది గాని ప్లాస్టిక్‌లా నునుపుగా ఉంది

"అత్యద్భుతం", "కళాఖండం", "8కే" వంటి మాటలే ఇందుకు కారణం కావచ్చు. "8కే" అని రాసినంత మాత్రాన ఒక్క పిక్సెల్ కూడా పెరగదు. ఆ మాట తగిలించి ఉన్న మెరుగుపెట్టిన చిత్రాల శైలి మాత్రం వచ్చి చేరుతుంది. వాటిని తీసేసి, కంటికి కనబడేదాన్ని రాయండి: వెలుతురు ఏ పక్కనుంచి పడుతోంది, కెమెరా ఎంత దూరంలో, ఏ ఎత్తులో ఉంది, బట్ట నూలుదా ఉన్నిదా. మిడ్‌జర్నీలో స్టైలైజ్ విలువ 0 నుంచి 1000 వరకు ఉంటుంది, మామూలుగా 100. దాన్ని తగ్గిస్తే మోడల్ సొంత అలంకారం తగ్గుతుంది.

సమస్య: రంగులు మాడిపోయినట్టున్నాయి, లేదా మనిషికి రెండు తలలు వస్తున్నాయి

ఈ రెండూ ప్రాంప్ట్ లోపాలు కావు. మొదటిదానికి గైడెన్స్ విలువను, అంటే ప్రాంప్ట్‌ను మోడల్ ఎంత గట్టిగా పాటించాలో చెప్పే సంఖ్యను చూడాలి. తొలి స్టేబుల్ డిఫ్యూజన్ మోడళ్లకు 7 దగ్గర మామూలు, 15 దాటితే రంగులు పేలిపోతాయి. రెండోది కొలత సమస్య. 512 పిక్సెళ్ల చతురస్రంతో శిక్షణ పొందిన మోడల్‌ను బాగా పొడవైన చిత్రం అడిగితే అది రెండు చిత్రాలను ఒకదానిపై ఒకటి పేర్చినట్టు గీస్తుంది. శిక్షణ కొలతలోనే తీసి తర్వాత అప్‌స్కేల్ చేయాలి, అంటే పెద్దది చేయాలి. స్టేబుల్ డిఫ్యూజన్ తర్వాతి రూపమైన ఎస్‌డీఎక్స్‌ఎల్‌కు ఆ కొలత 1024.

సమస్య: వేళ్లు, దూరపు ముఖాలు, అక్షరాలు చెడిపోతున్నాయి

స్టేబుల్ డిఫ్యూజన్ వాడే లేటెంట్ డిఫ్యూజన్ పద్ధతిలో 512 పిక్సెళ్ల చతురస్ర చిత్రం లోపల పక్కకు 64 గడులున్న చతురస్రంగా కుదించి ఉంటుంది, అంటే ఒక్కో గడికి అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది పిక్సెళ్లు. దూరంగా ఉన్న ముఖానికి దక్కేవి నాలుగైదు గడులే కాబట్టి "వివరమైన ముఖం" అని ఎన్నిసార్లు రాసినా లాభం లేదు. ఆ భాగాన్ని మాత్రమే మాస్క్ చేసి, పూర్తి కొలతలో మళ్లీ గీయించాలి. చేతులకూ అదే మార్గం.

అక్షరాల విషయంలో కొత్త మోడళ్లు ఇంగ్లీషు పొట్టి మాటలను బాగానే రాస్తున్నాయి. తెలుగు గుణింతాలు, ఒత్తులు ఇంకా తరచుగా విరుగుతున్నాయి. ప్రాంప్ట్‌లో "ఖాళీ తెల్ల బోర్డు" అని మాత్రం అడిగి, తెలుగు పాఠాన్ని తర్వాత ఎడిటర్‌లో యూనికోడ్ ఫాంట్‌తో పేర్చడమే ప్రస్తుతానికి నమ్మదగిన పద్ధతి.