జంట కట్టిన పావురాల మేతలో పప్పుగింజలు పెంచండి

పావురాలకు బియ్యమో సజ్జలో చల్లేసి ఊరుకుంటారు చాలామంది. కడుపైతే నిండుతుంది గానీ, పిల్లలున్నప్పుడు అది చాలదు. మొదటి రోజుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ మెడ దగ్గరి సంచిలో ఊరే పాలే పిల్లల నోట్లో పోస్తాయి మరి! ఆ పాలు బాగా ఊరాలంటే పప్పుగింజలు కావాలి. అందుకే జొన్నలు, సజ్జలు, మొక్కజొన్న నూకలో బఠాణీలు, పెసలు నాలుగో వంతు దాకా కలపండి. ఒక్కో పెద్ద పావురానికి రోజుకు సుమారు 30 గ్రాములు, రెండు పూటలా. పిల్లల్ని మేపే జంటకు ఇంకాస్త. ఇంకో మూకుడులో గరుకు ఇసుక, నలగ్గొట్టిన ఆల్చిప్పలు ఉంచండి. పళ్లు లేని పక్షికి గింజ నలిగేది ఆ రాళ్లతోనే, గుడ్డు పెంకుకు సున్నం చిప్పల నుంచి. గింజలు కొనేముందు గుప్పెడు తీసి వాసన చూడండి. బూజు వాసనొస్తే చవకైనా వద్దు, వానాకాలంలో మరీనూ.