కొత్త బ్రౌజర్ ఇబ్బంది పెడుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఫోన్‌లో క్రోమ్ వదిలి ఫైర్‌ఫాక్స్‌కో, బ్రేవ్‌కో మారినవాళ్లను విసిగించే చిక్కుల్లో చాలావరకు ఒక్క సెట్టింగ్‌తో పోయేవే. పాత బ్రౌజర్‌ను మాత్రం అప్పుడే తీసేయకండి. తప్పు సైట్‌దా, బ్రౌజర్‌దా అని తేల్చాలంటే పోల్చి చూడటానికి అది ఉండాలి.

లింక్ నొక్కితే పాత బ్రౌజరే తెరుచుకుంటోంది

ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన కొత్తది డిఫాల్ట్ (లింకులు వాటంతటవే తెరుచుకునే బ్రౌజర్) అయిపోదు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ → యాప్స్ → డిఫాల్ట్ యాప్స్ → బ్రౌజర్ యాప్‌లోకి వెళ్లి మార్చాలి. ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఈ వీలుంది. మార్చాక కూడా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి లింకులను తమ లోపలి బ్రౌజర్‌లోనే చూపిస్తాయి. అక్కడ మూడు చుక్కల మెనూలోంచి బయటి బ్రౌజర్‌లో తెరవాలి. హోమ్ స్క్రీన్ మీది గూగుల్ సెర్చ్ పట్టీ కూడా గూగుల్ యాప్‌దే. దాన్ని తీసేసి కొత్త బ్రౌజర్ విడ్జెట్ పెట్టుకోండి.

సైట్ సగమే వస్తోంది, లాగిన్ చేస్తే మళ్లీ లాగిన్ పేజీకే తెస్తోంది

ఎక్కువసార్లు కారణం ట్రాకర్లను (మీరేం చూస్తున్నారో గమనించే కోడ్), థర్డ్ పార్టీ కుకీలను (వేరే సైట్లు మీ బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారం) ఆపే రక్షణే. ముందు అదే పేజీని పాత బ్రౌజర్‌లో తెరవండి. అక్కడా రాకపోతే తప్పు సైట్‌ది, లేదా మీ నెట్‌ది. అక్కడ వస్తే కొత్త బ్రౌజర్‌లో అడ్రస్ బార్ దగ్గరి గుర్తు నొక్కండి: ఫైర్‌ఫాక్స్‌లో డాలు, బ్రేవ్‌లో సింహం. ఆ ఒక్క సైట్‌కే రక్షణ ఆపి రీలోడ్ చేయండి. పని చేసిందంటే దొంగ దొరికినట్టే. చిరాకుతో మొత్తం రక్షణ ఆపేయకండి, బ్రౌజర్ మార్చిందే దానికోసం కదా!

అయినా రాకపోతే ఎక్స్‌టెన్షన్లను (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకున్న చిన్న ప్రోగ్రామ్‌లను) ఒక్కొక్కటిగా ఆపి చూడండి, యాడ్ బ్లాకర్‌తో మొదలుపెట్టి. తర్వాత ఆ సైట్ కుకీలు తుడిచేయండి. అప్పటికీ మొండికేస్తే ఇంజిన్ (పేజీని తెరమీద చూపించే లోపలి సాఫ్ట్‌వేర్) తేడా కావచ్చు. ఫైర్‌ఫాక్స్ ఆండ్రాయిడ్‌లో గెకో అనే సొంత ఇంజిన్ మీద నడుస్తుంది, కొన్ని సైట్లను క్రోమ్‌లో తప్ప పరీక్షించరు. బ్రేవ్, వివాల్డి, ఎడ్జ్, ఒపెరాలది క్రోమ్ ఇంజినే కాబట్టి వాటిలో ఈ చిక్కు అరుదు. ఐఫోన్‌లో దాదాపు అన్ని బ్రౌజర్లూ సఫారీ వాడే వెబ్‌కిట్ మీదే నడుస్తాయి. సఫారీలో ఇంజిన్ వల్ల చెడిన పేజీ వేరేదానిలోనూ చెడుతుంది.

పాస్‌వర్డ్‌లు రావట్లేదు

అవి పాత బ్రౌజర్ ఖాతాలోనే ఉన్నాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆటోఫిల్ (పాస్‌వర్డ్‌లను దానంతటదే నింపే సదుపాయం) అని వెతికి గూగుల్‌ను ఎంచుకుంటే ఫైర్‌ఫాక్స్‌లోనూ అవే వస్తాయి. పూర్తిగా తరలించాలంటే క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి సీఎస్‌వీ (సాదా పట్టిక) ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, కంప్యూటర్‌లోని ఫైర్‌ఫాక్స్‌లోకి ఇంపోర్ట్ చేసి, అవి ఫోన్‌లోకీ వచ్చేలా సింక్ ఆన్ చేయండి. ఆ ఫైల్‌లో పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. పని కాగానే ఫైల్‌ను తొలగించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

ఓటీపీ చూసి వచ్చేసరికి పేజీ మొదటికొస్తోంది

ర్యామ్ చాలక ఫోన్ ఆ ట్యాబ్‌ను మూసేస్తోంది. మెసేజ్‌ల యాప్‌లోకి వెళ్లకుండా పైనుంచి నోటిఫికేషన్ లాగి అంకెలు చదువుకోండి. మిగతా ట్యాబ్‌లు మూసేసి, బ్యాటరీ సెట్టింగ్‌లో ఆ బ్రౌజర్‌కు ఆంక్షలు తీసేయండి.

నొక్కినా పేమెంట్ యాప్ తెరుచుకోవట్లేదు

ఫైర్‌ఫాక్స్‌లో ‘ఓపెన్ లింక్స్ ఇన్ యాప్స్’ నెవర్‌లో ఉందేమో చూడండి. ‘ఆస్క్ బిఫోర్ ఓపెనింగ్’కి మారిస్తే చాలు.