పాడే మైకు మొరాయిస్తే: కూత నుంచి నకిలీ దాకా

గుడి ఉత్సవమైనా, వినాయక చవితి పందిరైనా, పెళ్ళి ఆర్కెస్ట్రా అయినా పాట సరిగ్గా వినపడకపోతే ముందు తిట్లు తినేది మైకే. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. పట్టుకునే తీరు, మానిటర్ (పాడేవాళ్ళు తమ గొంతు తాము వినడానికి వాళ్ళ వైపు తిప్పి పెట్టే స్పీకరు) పెట్టిన చోటు, వైరు ఈ మూడూ సరిచేశాక కూడా లోపం మిగిలితే, ఆ మిగిలినదాన్ని బట్టి మైకు ఎంచుకోవాలి.

వాల్యూమ్ కాస్త పెంచగానే కూస్తోంది

స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులో దూరి, అది ఇంకా పెద్దదై మళ్ళీ స్పీకర్లోకి వెళ్తుంటే వచ్చేదే ఆ కూత. ముందు పాడేవాళ్ళ చెయ్యి చూడండి. జాలీ గుండును గుప్పిట్లో మూసి పట్టుకుంటే ఫొటోలో బాగుంటుంది, స్టేజీ మీద మాత్రం కొంప ముంచుతుంది. జాలీ లోపల క్యాప్సూల్‌కి (శబ్దాన్ని పట్టే భాగం) వెనకవైపు చిన్న చిన్న కన్నాలుంటాయి. వెనక నుంచి వచ్చే శబ్దం ఆ కన్నాల్లోంచీ దూరి పల్చటి పొరను రెండు పక్కలా ఒకే బలంతో నొక్కుతుంది; అందుకే పొర కదలదు, ఆ శబ్దం పోతుంది. కన్నాలు మూసేస్తే ఈ ఏర్పాటు పనిచేయదు. మైకు అన్ని దిక్కులా వింటుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. కాబట్టి పిడి మధ్యలో పట్టుకోవాలి.

రెండోది మానిటర్. సెన్‌హైజర్ ఇ835, 1966లో వచ్చి ఇప్పటికీ స్టేజీలను ఏలుతున్న షూర్ ఎస్ఎం58 కార్డియాయిడ్ రకం, అంటే ముందు వైపు శబ్దాన్నే బాగా వినేవి. వీటికి సరిగ్గా వెనక, అంటే వైరు తగిలించే కొస వైపు, చెవుడు. మానిటర్ గాయకుడికి ఎదురుగా, ఆ కొస చూసే చోట ఉండాలి. షూర్ బీటా 58ఎ, సెన్‌హైజర్ ఇ845 సూపర్ కార్డియాయిడ్ రకం. ఇవి పక్కల శబ్దాన్ని ఇంకా బాగా ఆపుతాయి గానీ, సరిగ్గా వెనక కొంచెం వింటాయి. వీటి చెవిటి చోట్లు ముందు నుంచి సుమారు 125 డిగ్రీల దగ్గర, వెనక రెండు మూలలా ఉంటాయి. మైకు మార్చి మానిటర్‌ని పాత చోటే ఉంచేస్తే ఖరీదైన మైకే ఎక్కువ కూస్తుంది. మానిటర్‌ని పక్కకి జరపాలి.

ఇది చేత్తోనే తేల్చుకోవచ్చు. వాల్యూమ్ తక్కువలో పెట్టి, ఒకరు కదలకుండా నిలబడి “హలో హలో” అంటూ ఉండాలి. ఇంకొకరు వాళ్ళకి ఒక మూర దూరంలో మైకును మెల్లగా తిప్పాలి. గొంతు బాగా సన్నబడినప్పుడు మైకు ఏ వైపు ఆ మనిషికి ఎదురుగా ఉందో, స్టేజీ మీద మైకు ఆ వైపే మానిటర్‌ని చూడాలి.

ఇంకో సంగతి: తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూయకుండా పెంచుకోగల వాల్యూమ్ సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. కోరస్ పాడని వేళ కోరస్ మైకుల ఫేడర్లు (మిక్సర్ మీద పైకీ కిందికీ జరిపే వాల్యూమ్ మీటలు) దించేయండి.

చేతులు మారుతూ తిరిగే భజన మైకుకు మా ఓటు కార్డియాయిడ్‌కే. తల కాస్త పక్కకి తిప్పినా గొంతు జారిపోదు. పక్కనే డప్పులో డ్రమ్సో మోగుతుంటే సూపర్ కార్డియాయిడ్ తీసుకోవచ్చు.

గొంతు దూరంగా, పీలగా ఉంది

మైకు దూరమైంది. 20 సెంటీమీటర్ల నుంచి 10కి తెస్తే దాదాపు 6 డెసిబెల్స్ ఊరికే వస్తాయి. డైనమిక్ మైకుకు (పైన చెప్పిన నాలుగూ ఈ రకమే) 3 నుంచి 5 సెంటీమీటర్లు మంచి దూరం. మరీ పెదాలకి ఆనిస్తే గుమ్మనే బేస్ పేరుకుని మాట మసకబారుతుంది. మిక్సర్ మీద లో కట్ (బేస్‌ని కోసేసే మీట) నొక్కితే (80 లేదా 100 హెర్ట్జ్) చాలావరకు పోతుంది. దగ్గర పెట్టినా గొంతు పైకి రానంత మెత్తగా పాడేవాళ్ళకే కండెన్సర్ మైకు (కరెంటు అందితేనే పనిచేసే, ఇంకా సున్నితమైన రకం) ఆలోచించాలి. అది చుట్టుపక్కల శబ్దాన్ని కూడా సున్నితంగా పట్టేస్తుందని మరవద్దు.

ప, ఫ, భ దగ్గర ఢబ్‌మంటోంది

నోటి గాలి సూటిగా పొరకి తగులుతోంది. మైకును నోటికి నేరుగా కాకుండా పెదాల మూలకో, గడ్డం దగ్గరి నుంచి పైకి వంచో పట్టుకుని “భజన, ఫలం, పాపం” అని చూడండి. చాలకపోతే స్పాంజి టోపీ తొడగాలి. స, శ చెవిలో గుచ్చుకుంటుంటే మాత్రం స్పాంజి మీద ఆశ పెట్టుకోవద్దు. 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గించాలి, లేదా ట్రెబుల్ తక్కువగా ఉండే మైకు చూసుకోవాలి.

గుర్రుమని హమ్, లేదా పటపటలు

హమ్‌కి తరచూ కారణం వైరుకి ఒక కొసన ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల ప్లగ్), రెండో కొసన 6.35 మి.మీ. జాక్ (కొట్లో పి-38 అంటారు) ఉండటం. అలా కడితే రెండు తీగలు ఎదురెదురుగా హమ్‌ని కొట్టేసే సౌకర్యం పోతుంది. రెండు కొసలా ఎక్స్ఎల్ఆర్ ఉన్న వైరు వాడండి: 1వ పిన్ను వైరు లోపల చుట్టూ అల్లిన తీగ (షీల్డ్), 2 ప్లస్, 3 మైనస్. యాంప్లిఫయర్‌కి జాక్ ఒక్కటే ఉంటే పొడవైన దారంతా ఎక్స్ఎల్ఆర్ వైరు లాగి, యాంప్లిఫయర్ దగ్గర మైక్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. పటపటలొస్తే ప్లగ్ మొదట్లో వైరును అటూఇటూ వంచి చూడండి. శబ్దం మారితే లోపల టంకం ఊడినట్టే.

కండెన్సర్ మైకు మూగబోయింది

మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (మైకు వైరు గుండానే మైకుకు అందే కరెంటు) ఆన్ చేయాలి. ఫేడర్ దించకుండా నొక్కితే స్పీకర్లు ఢామ్మంటాయి.

కార్డ్‌లెస్ మధ్యలో తెగుతోంది

రిసీవర్ యాంప్లిఫయర్ వెనక నేల మీద ఉందేమో చూడండి. జనం తలల కంటే ఎత్తులో, గాయకుడికి కనిపించేలా పెట్టాలి. మైకు అడుగున యాంటెనా ఉండే చోట చెయ్యి మూయకూడదు. రెండు సెట్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే ఒకదాన్ని మార్చాలి. కార్యక్రమానికి ముందు కొత్త ఆల్కలైన్ సెల్స్ వేయాలి.

ఒకప్పుడు స్పష్టంగా పలికేది, ఇప్పుడు మూగగా ఉంది

జాలీ లోపలి స్పాంజిలో ఉమ్మి, దుమ్ము గడ్డకట్టి ఉంటాయి. గుండును మరలాగా తిప్పి విప్పండి. దాన్ని మాత్రమే గోరువెచ్చని సబ్బునీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది కడగాలి. పూర్తిగా ఆరాకే బిగించాలి. క్యాప్సూల్‌కి చుక్క నీరు కూడా తగలకూడదు.

కొత్తదే, అయినా పేలవంగా ఉంది

ఎస్ఎం58కి నకిలీలు విపరీతం. అసలుది 298 గ్రాములు. వంటింటి డిజిటల్ త్రాసు మీద పెడితే బాగా తేలిగ్గా ఉన్నది అక్కడే దొరికిపోతుంది. కానీ నకిలీకీ బరువు పెట్టొచ్చు కాబట్టి, బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని నమ్మొద్దు. అసలుదని తెలిసిన ఇంకో మైకును అదే వైరుకి, అదే గెయిన్‌లో (మిక్సర్‌లో మైకు శబ్దానికి ఇచ్చే పెంపు) తగిలించి ఒక చరణం పాడి పోల్చండి. కొనేటప్పుడు అధీకృత డీలర్ బిల్లు అడిగి తీసుకోండి.