నమూనా పడవ మనమే కడదాం – 9వ పాఠం: పొగగొట్టానికి పొగ యంత్రం

గత పాఠం పూర్తయ్యేసరికి మీ పడవ నీటి మీద నిటారుగా తేలుతోంది, మోటారు తిరుగుతోంది, రిసీవరు మాట వింటోంది. ఇక పొగగొట్టంలోంచి పొగ రావాలి. సరిగ్గా ఇక్కడే చాలామంది తొందరపడతారు. అన్నిటికంటే దట్టంగా పొగ వదిలే యంత్రం ఏదో కనుక్కుని కొనేస్తారు. ఇంటికి తెచ్చాక అది పొగగొట్టం కింద పట్టదు. పట్టినా బ్యాటరీకి సరిపడదు, లేదా మొదటి మలుపులోనే పడవ పక్కకు వాలిపోతుంది.

పొగ ఎంత వస్తుందన్నది ఆఖర్న చూడాల్సిన సంగతి. ముందు మూడు లెక్కలు రాసుకోండి: బ్యాటరీ ఎన్ని వోల్టులు, పొగగొట్టం కింద ఎంత పొడవు, వెడల్పు, ఎత్తు ఖాళీ ఉంది, నీటి గీత దాటకుండా పడవ ఇంకా ఎన్ని గ్రాములు మోస్తుంది. మూడోది తెలియకపోతే పడవను తొట్టిలో వదిలి, గీత దగ్గరకు నీరు వచ్చేదాకా అడుగున నాణేలు పేర్చి, తర్వాత ఆ నాణేలను తూకం వేయండి.

నూనె పొగ, నీటి పొగ

యంత్రాలు రెండు రకాలు. మొదటి దాంట్లో చిన్న గిన్నె, గిన్నెలో పొగ నూనె, కొస నూనెలో మునిగిన గాజునార వత్తి, వత్తి మీద నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిపిన లోహం) తీగ చుట్ట ఉంటాయి. తీగ వేడికి వత్తిలోని నూనె ఆవిరవుతుంది. ఆ ఆవిరికి చల్లగాలి తగలగానే అతి సన్నటి బిందువులుగా మారుతుంది. మన కంటికి తెల్లగా కనిపించేవి ఆ బిందువులే. ఇందులో ఏదీ కాలదు, కాలకూడదు కూడా. మాడు వాసన వచ్చిందంటే వత్తి ఎండిపోయిందని అర్థం.

రెండోది అల్ట్రాసోనిక్ రకం. దీంట్లో బిళ్లంత డిస్కు సెకనుకు లక్ష సార్లకు పైగా కంపిస్తూ నీటిని తుంపరగా చిమ్ముతుంది. కాగే నూనె లేదు, వాసన లేదు, డెక్కు మీద జిడ్డు లేదు. వినగానే ఇదే మేలనిపిస్తుంది. అయితే నీటి బిందువు ఆరిపోతుంది, నూనె బిందువు అంత తొందరగా ఆరదు. పొడిగా ఎండ కాసే పూట నీటి తుంపర గొట్టం దాటి జానెడు దూరం పోయేలోపే మాయమవుతుంది. పైగా అది చల్లగా, బరువుగా ఉంటుంది కాబట్టి దానంతటది పైకి లేవదు. ఫ్యాను లేకుండా పెడితే పొయ్యి మీద పాలు పొంగినట్టు గొట్టం అంచు మీంచి పొర్లి డెక్కు మీదికి జారుతుంది. ఇంట్లో బల్ల మీద ప్రదర్శనకు అందంగానే ఉంటుంది, చెరువు మీద గాలిలో మాత్రం నిలవదు.

కాబట్టి ఆరుబయట నడిపే పడవకు నూనె, గదిలో చూపించే పడవకు నీరు. చల్లగా, తేమగా ఉండే ఉదయాల్లో మాత్రమే నడుపుతామంటే నీటి రకం బయట కూడా పనికొస్తుంది. ఇంకో చిక్కు ఉంది. కొన్ని చెరువుల దగ్గర నీటి మీద నూనె పొర తేలడానికి ఒప్పుకోరు. కొనే ముందే ఆ మాట అడిగి తెలుసుకోండి.

వోల్టు తప్పితే ఏమవుతుంది

వేడి తీగ ఇచ్చే శక్తి వోల్టుల వర్గాన్ని బట్టి మారుతుంది. 12 వోల్టుల యంత్రాన్ని 7.4 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే సగానికి పైగా పొగ వస్తుందని అనుకుంటారు. లెక్క చూస్తే శక్తి నూటికి 38 పాళ్లకు పడిపోతుంది. నూనె వెచ్చబడుతుందే కానీ ఆవిరి కాదు, పొగ సున్నా. అదే 6 వోల్టుల యంత్రానికి 12 వోల్టులిస్తే శక్తి నాలుగింతలై తీగ తెగిపోతుంది.

తీగ మీరే చుట్టుకోదలిస్తే లెక్క ఇలా ఉంటుంది. మూడు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, 11.1 వోల్టులు, కావలసింది 15 వాట్లు అనుకుందాం. 11.1ని 11.1తో గుణించి 15తో భాగిస్తే తీగకు ఉండాల్సిన నిరోధం వస్తుంది, సుమారు 8.2 ఓములు. 80:20 నైక్రోమ్ తీగ 0.3 మి.మీ. మందానిది మీటరుకు దాదాపు 15.4 ఓములు. అంటే 53 సెం.మీ. తీగ కావాలి. రెండు సెల్లుల (7.4 వోల్టుల) బ్యాటరీ అయితే అదే 15 వాట్లకు సుమారు 3.65 ఓములు, 24 సెం.మీ. చాలు. దాన్ని 3 మి.మీ. వత్తి మీద చుడితే దాదాపు 23 చుట్లు వస్తాయి. చుట్టుకు చుట్టు తగలకుండా ఉండాలి. తగిలితే ఓములు తగ్గి తీగ అతిగా వేడెక్కుతుంది.

నైక్రోమ్‌కు మామూలు టంకం అంటదు. అంటినట్టు కనిపించినా వేడికి కరిగి ఊడిపోతుంది. తీగ కొసల్ని ఇత్తడి స్క్రూల కింద బిగించండి, రాగి వైరు కూడా అదే స్క్రూ కిందికి రావాలి.

అదే 8.2 ఓముల తీగ, బ్యాటరీ నిండుగా 12.6 వోల్టులు ఉన్నప్పుడు 19 వాట్లకు కాస్త పైన ఇస్తుంది, 10.5కి దిగేసరికి 13.4 వాట్లే. ఆట మొదట్లో దట్టంగా ఉన్న పొగ చివర్లో పలచబడితే యంత్రం పాడైందని విప్పకండి. ముందు బ్యాటరీ కొలవండి.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందో కూడా ఇప్పుడే చూసుకోవాలి. 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటల) బ్యాటరీలో 80 శాతం వాడుకుంటామనుకుంటే చేతికొచ్చేది 1760. మోటారు సగటున 3 ఆంపియర్లు తింటుంటే 35 నిమిషాలు నడుస్తుంది. పొగకు మరో 1.35 ఆంపియర్లు కలిస్తే 24 నిమిషాలకు దిగుతుంది. పొగకు వేరే బ్యాటరీ పెడితే పొగ ఆగినా పడవ ఒడ్డుకు చేరుతుంది. అడుగున ఎలాగూ బరువు దిమ్మె పెట్టాలి కదా, దాని బదులు రెండో బ్యాటరీని పెట్టండి.

ఫ్యాను ఎక్కడుంది?

యంత్రాన్ని చేతిలోకి తీసుకుని మొదట చూడాల్సింది ఇదే. ఫ్యాను గాలిని నూనె గదిలోకి నెట్టాలి. గదిలోంచి పొగను లాగి పైకి పంపే ఏర్పాటు అయితే నూనె బిందువులన్నీ ఫ్యాను రెక్కల మీద, మోటారు మీద పేరుకుని నాలుగు రోజుల్లో బిగుసుకుపోతుంది. నెట్టే ఫ్యాను కూడా నూనె మట్టం కంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే పడవ ఊగినప్పుడు నూనె దాంట్లోకి పారుతుంది.

ఫ్యాను లేని సన్నటి గొట్టపు యంత్రాలు కూడా ఉన్నాయి. బొమ్మ రైళ్ల ఆవిరి ఇంజన్లలో పెట్టేవి అవే. సన్నటి తీగలాంటి పొగ వస్తుంది. 50 సెం.మీ. లోపు పడవకు అంతకు మించి పెట్టవద్దనే మా సలహా. ఇంతకీ సన్నటి పొగే నిజానికి దగ్గర. అసలు ఆవిరి ఓడల్లో దట్టంగా నల్లపొగ పోతోందంటే బొగ్గు సరిగా కాలడం లేదనే లెక్క. నల్లపొగ కోసం నూనెలో రంగు కలపడం దండగ. నూనె ఆవిరై పోతుంది, రంగు వత్తిలో గడ్డకడుతుంది. గొట్టం పై అంచుకు మసి రంగు పూయండి, చాలు.

గాలి ఎక్కువైనా చేటే. ఫ్యాను జోరుకు తీగ చల్లబడి పొగ పలచనవుతుంది. అందుకే వేడి తీగకూ ఫ్యానుకూ వేర్వేరు వైర్లు బయటికి ఇచ్చిన యంత్రాన్ని కొనండి. అప్పుడు ఫ్యానును, మోటారు వేగాన్ని అదుపు చేసే చిన్న ఈఎస్‌సీకి కలిపి, మోటారు వేగం పెంచినప్పుడల్లా పొగ కూడా ఉబికేలా చేయవచ్చు. డీజిల్ టగ్గు నమూనాకు అది ప్రాణం పోస్తుంది. రెండూ ఒకే వైరుకు ముడిపెట్టినవాటిలో ఆ వీలు లేదు.

ఏ నూనె

యంత్రం తయారీదారు చెప్పిన పొగ నూనె. ఇవి ఎక్కువగా శుద్ధి చేసిన పారాఫిన్ రకాలు. వాటి బదులు పోయకూడనివి తెలియాలి. కిరోసిన్, డీజిల్, దీపాల నూనె తక్కువ వేడికే అంటుకునే ఆవిరినిస్తాయి. మూసిన పడవ పొట్టలో ఆ ఆవిరి, పక్కనే నిప్పురవ్వలు వచ్చే మోటారు బ్రష్షులు, అంతకంటే చెప్పనక్కర్లేదు. వంటనూనె వేడికి విరిగి గొంతు మండించే పొగనిస్తుంది, తీగ మీద లక్కలా పట్టుకుంటుంది. వేదికల మీద పొగకు వాడే గ్లైకాల్ ద్రవంలో నీరుంటుంది. పారాఫిన్ కోసం చేసిన వత్తిలో అది చిటపటలాడుతూ చిమ్ముతుంది. ఏ పొగనైనా తలుపులు తెరిచిన గదిలోనే పరీక్షించండి, ముఖం దగ్గర పెట్టుకుని పీల్చకండి.

నూనె ఎక్కువ పోస్తే పొగ ఎక్కువ వస్తుందనుకోవడం మరో పొరపాటు. తీగ మునిగేలా పోస్తే వేడంతా గిన్నెడు నూనెను కాచడానికే పోతుంది. బుడగలు వస్తాయి, గొట్టంలోంచి చుక్కలు ఎగిరి డెక్కు మీద పడతాయి. తీగ నూనె మట్టానికి పైన ఉండి, వత్తి కొస మాత్రం నూనెలో ఉండాలి. గిన్నె మూత తీసి చూస్తే మంచి వత్తి తడిగా, లేత గోధుమ రంగులో మెరుస్తుంది. నల్లబడి, గోటితో గీరితే పొడి రాలుతోందంటే అది నూనె పీల్చదు, మార్చేయాలి.

నీటి రకమే కావాలంటే

దీంట్లోనూ రెండున్నాయి. 24 వోల్టుల డిస్కు నీటి అడుగున ఉంటుంది, దాని మీద సుమారు 2 సెం.మీ. నీరు నిలవాలి. నీటిలోంచి చిన్న ఫౌంటెన్ లేచి చుక్కలు చిమ్ముతుంది కాబట్టి పైన ఖాళీ, అడ్డుపలక రెండూ కావాలి. పడవ ఒరిగి డిస్కు బయటపడితే కొద్దిసేపట్లోనే మాడిపోతుంది. దాన్ని కాపాడటానికి కొన్నిటికి నీటి మట్టం కనిపెట్టే చిన్న లోహపు ముల్లు ఉంటుంది. అది నీటిలో కరెంటు పారితేనే నీరుందని గుర్తిస్తుంది. స్వేదనజలం పోస్తే నీరే లేదనుకుని ఆగిపోతుంది! అలాంటప్పుడు కొద్దిగా కుళాయి నీరు కలపాలి.

5 వోల్టుల జల్లెడ డిస్కు దీనికి సరిగ్గా వ్యతిరేకం. దానికి స్వేదనజలమే కావాలి, కుళాయి నీటి సున్నం సన్నటి రంధ్రాల్ని పూడ్చేస్తుంది. వెనక దూది వత్తి ఆనుకుని ఉంటే చాలు, తొట్టి ఊగినా పరవాలేదు. అందుకే చిన్న పడవకు ఇదే నయం. డిస్కు పైముఖం మీద నీటి చుక్క నిలిస్తే తుంపర ఆగిపోతుంది కనుక కాస్త ఏటవాలుగా బిగించండి. ఇంకో సంగతి: ఈ బోర్డుల్లో చాలావాటికి కరెంటు ఇస్తే చాలదు, బటన్ కూడా నొక్కాలి. చెరువు మధ్యలో నొక్కేదెవరు? కరెంటు రాగానే మొదలయ్యే బోర్డు అడిగి తీసుకోండి.

నీటి రకంలో అసలు గండం తొట్టి వెడల్పు. తొట్టిలోని నీరు పడవతోపాటు అటే ఒరిగి పడవను ఇంకా ఒరగనిస్తుంది. 3 కిలోల పడవలో 8 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు తొట్టి పెడితే నిలకడ కొలమానమైన మెటాసెంటర్ ఎత్తు సుమారు అర మి.మీ. తగ్గుతుంది. వెడల్పు 12 సెం.మీ. చేస్తే అది ఎనిమిదింతలై 3.8 మి.మీ. అవుతుంది. మధ్యలో పొడవునా అడ్డుగోడ కడితే నాలుగో వంతుకు దిగుతుంది. తొట్టి సన్నగా, వీలైనంత కిందుగా ఉండాలి.

గొట్టం

ప్లాస్టిక్ పొగగొట్టాన్ని నేరుగా నూనె యంత్రం మీద పెట్టకండి. పాలీస్టైరీన్ 100 డిగ్రీలకు ముందే మెత్తబడుతుంది. లోపల 12 మి.మీ. ఇత్తడి గొట్టం, చుట్టూ 2–3 మి.మీ. గాలి సందు వదలండి. యంత్రం నుంచి పైకి పోయే దారి ఎక్కడా వంగి కిందికి దిగకూడదు. వంపులో నూనె చేరి, పొగ గుటక గుటకగా వస్తుంది. ఫ్యాను గాలి తీసుకోవడానికి డెక్కులో కనీసం 12 మి.మీ. రంధ్రమంత దారి తెరిచి ఉంచాలి.

అభ్యాసం

కొన్న యంత్రాన్ని పడవలో బిగించకముందు బల్ల మీద, లోహపు పళ్లెంలో పెట్టి నడపండి. వైరులో 3 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. మల్టీమీటరుతో తీగ ఓములు కొలిచి, పైన చెప్పిన లెక్కతో వాట్లు కట్టండి. సిరంజితో 5 మి.లీ. నూనె పోసి, ముందు ఫ్యాను, తర్వాత తీగ ఆన్ చేయండి. మొదటి పొగ ఎన్ని సెకన్లకు వచ్చిందో, పలచబడటం ఎన్నో నిమిషంలో మొదలైందో రాసుకోండి. పలచబడగానే తీగ ఆపేసి, ఫ్యాను మరో పది సెకన్లు తిరగనివ్వండి. తర్వాత యంత్రాన్ని 20 డిగ్రీలు పక్కకు వంచి మళ్లీ చూడండి. నూనె కారితే అది బల్ల మీది యంత్రమే, పడవకు పనికిరాదు.

ఈ అంకెలు దగ్గర ఉంచుకోండి. 10వ పాఠంలో స్విచ్చు, ఫ్యాను ఈఎస్‌సీ, ఫ్యాను తిరగకపోతే తీగ వేడెక్కకుండా ఆపే వైరింగు వేయడానికి అవి కావాలి.