కీళ్ల జబ్బులు, ఎముకల గుల్లతనం: కుటుంబ వైద్యులు తమ చదువును ఎలా కొనసాగించాలి

కుటుంబ వైద్యుల దగ్గరకు నిత్యం వచ్చే బాధల్లో కీళ్ల నొప్పులది పెద్ద వాటా. వైద్య కళాశాలలో ఈ జబ్బులకు దక్కే సమయం మాత్రం తక్కువ కాబట్టి, ఆ లోటును ఎవరికి వారు తరువాత పూడ్చుకోవలసి వస్తుంది. సదస్సుకు వెళ్లి ఉపన్యాసం విని హాజరు పత్రం తెచ్చుకుంటే లోటు పూడినట్టు కాదు. విన్నది మరుసటి వారం రోగి ఎదుట కూర్చున్నప్పుడు కొత్తగా అడిగే ఒక ప్రశ్నగానో, చేత్తో చేసే ఒక పరీక్షగానో, మందుచీటీలో ఒక మార్పుగానో కనబడాలి. అలా కనబడేలా ఎలా చదువుకోవాలో, దేన్ని ముందు నేర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

కీళ్ల జబ్బులను, ఆస్టియోపోరోసిస్‌ను (ఎముకల గుల్లతనాన్ని) వేరువేరు పాఠాలుగా కాక కలిపి చదవాలన్నది నా గట్టి అభిప్రాయం. శరీరపు రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కీళ్లతో పాటు ఎముకనూ బలహీనపరుస్తుంది. దానికి వాడే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్ ఆ నష్టాన్ని పెంచుతుంది. నొప్పి వల్ల నడక తగ్గిన మనిషి కండబలం కోల్పోయి తేలికగా పడిపోతాడు. ఒక జబ్బు రెండోదాన్ని కప్పిపెట్టడం కూడా ఉంది. వెన్నులో అరుగుదల ఉన్నవారికి పూసల అంచుల్లో పెరిగిన ఎముక మొలకలు, ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో ఆ సాంద్రతను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తాయి కనుక, పెద్ద వయసువారిలో నడుము అంకె బాగుందని ఊరుకోకుండా తుంటి అంకెను కూడా తప్పక చదవాలి.

మొదలుపెట్టవలసింది సొంత రికార్డుల నుంచే

ఏ కోర్సులోనూ చేరకముందే మీ దగ్గరి రికార్డుల నుంచి కొన్ని జాబితాలు తీయండి. నిలుచున్న ఎత్తు నుంచి, లేదా అంతకన్నా తక్కువ ఎత్తు నుంచి పడి ఎముక విరిగిన 50 ఏళ్లు దాటినవారు ఎవరు, వారిలో ఎందరికి ఎముకల పరీక్ష జరిగింది, ఎందరికి మందు మొదలైంది? మూడు నెలలకు మించి ప్రెడ్నిసొలోన్ వాడుతున్నవారిలో ఎందరికి ఎముక విరిగే ప్రమాదాన్ని లెక్కగట్టాం? రుమటాయిడ్ జబ్బును అదుపు చేసే మెథోట్రెక్సేట్ వాడుతున్నవారికి గత మూడు నెలల్లో రక్త పరీక్ష జరిగిందా? మూత్రపిండాల జబ్బు ఉండీ రోజూ నొప్పి మాత్రలు వేసుకుంటున్నవారు ఉన్నారా? ఈ ప్రశ్నల్లో ఎక్కడ ఖాళీ పెద్దదిగా కనిపిస్తే ఈ ఏడాది చదువు అక్కడ మొదలవ్వాలి. మనకు ఇష్టమైన అంశాన్నే, అంటే ఇప్పటికే కొంత తెలిసినదాన్నే, మళ్లీ మళ్లీ ఎంచుకునే అలవాటు మనందరిలో ఉంది. దాన్ని ఆపగలిగేది ఈ జాబితాలే.

చేతులు నేర్చుకోవలసిన పాఠం

కీళ్ల జబ్బుల్లో మొదటి నిర్ధారణ ప్రశ్నలతోనూ వేళ్లతోనూ జరుగుతుంది, ప్రయోగశాల దానికి తోడు మాత్రమే. గాల్స్ అనే చిన్న పరీక్షా పద్ధతి 1992 నుంచి వాడుకలో ఉంది. కండరాల్లో గాని, కీళ్లలో గాని, వెన్నులో గాని నొప్పి, బిగుతు ఉన్నాయా, ఇబ్బంది లేకుండా బట్టలు పూర్తిగా వేసుకోగలరా, మెట్లు ఎక్కి దిగగలరా అనే మూడు ప్రశ్నలతో మొదలై, నడక, చేతులు, కాళ్లు, వెన్ను చూడడంతో కొద్ది నిమిషాల్లోనే ముగుస్తుంది. దీన్ని చదివి ఊరుకోకుండా, చేయి తిరిగే వరకు వరుసగా వచ్చే రోగులందరికీ చేసి చూడాలి.

ఉదయపు బిగుతు గురించి అడిగే తీరు కూడా నేర్చుకోవలసిందే. “పొద్దున కీళ్లు పట్టేస్తాయా?” అంటే దాదాపు అందరూ అవుననే అంటారు. “లేచిన ఎంతసేపటికి చేతులు మామూలుగా ఆడతాయి?” అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. అరుగుదలలో ఆ సమయం సాధారణంగా 30 నిమిషాల లోపే. వాపుతో కూడిన కీళ్ల జబ్బుల్లో తరచుగా గంట, ఒక్కోసారి పూటంతా.

ఆ తరువాత వేళ్ల మొదళ్లలోని కణుపులను పరీక్షించాలి. రోగి అరచేతిని కిందికి పెట్టించి, చూపుడువేలి కణుపు నుంచి చిటికెనవేలి కణుపు వరకు నాలుగింటినీ అడ్డంగా పట్టుకుని, కరచాలనంలో ఉండేంత ఒత్తిడితో మెల్లగా నొక్కాలి. అలా నొక్కేటప్పుడు మన చూపు చేతి మీద కాక రోగి ముఖం మీద ఉండాలి, ఎందుకంటే నొప్పి నోటికన్నా ముందు కనుబొమల్లో తెలుస్తుంది. కాలివేళ్ల మొదళ్లలోనూ ఇలాగే చేయాలి. చాలామంది కాళ్లను మరిచిపోతారు. తరువాత ఒక్కొక్క కణుపును విడిగా తడమాలి. లోపలి పొర వాచిన కీలు వేలికి మెత్తగా తగులుతుంది, అరుగుదల వల్ల వేలి చివరి కణుపుల్లో వచ్చే బొడిపె గట్టిగా తగులుతుంది. ఈ తేడాను ఏ పుస్తకమూ వేలికి నేర్పలేదు కాబట్టి, రుమటాలజిస్టు దగ్గర ఒక పూట కూర్చుని, ఆయన తడిమిన కీలునే ఆ వెంటనే తడిమి చూడడం కన్నా మంచి పాఠం నాకు తెలియదు.

ఆగకూడని చోట్లు

ఒకే కీలు హఠాత్తుగా వాచి, ఎర్రబడి, వేడెక్కితే అది చీము కాదని తేలేదాకా చీమే అనుకోవాలి. జ్వరం లేనంత మాత్రాన, తెల్ల కణాలు మామూలుగా ఉన్నంత మాత్రాన ఆ అనుమానం తీరదు. రోగి పరిస్థితి మరీ విషమంగా లేకపోతే, యాంటీబయాటిక్ ఇవ్వకముందే కీలులోని నీరు తీసి పరీక్షకు పంపగల ఆసుపత్రికి అదే రోజు పంపాలి. కీలులో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పేరుకోవడం వల్ల వచ్చే గౌట్ కూడా ఇలాగే వస్తుంది. దాడి జరుగుతున్నప్పుడు యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించవచ్చు కాబట్టి ఆ ఒక్క అంకెను చూసి గౌట్ కాదని తేల్చకూడదు. 50 దాటిన మనిషికి కొత్తగా తలనొప్పి మొదలై, నమిలేటప్పుడు దవడ నొప్పి పుట్టినా, చూపు మసకబారినా కణతల ధమని వాపును అనుమానించాలి. అక్కడ స్టెరాయిడ్ ఆలస్యమైతే చూపే పోవచ్చు.

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ప్రమాదం ఇంత కొట్టొచ్చినట్టు ఉండదు, అందుకే అక్కడ ఆలస్యం జరుగుతుంది. లక్షణాలు మొదలైన 6 వారాల లోపు నిపుణులు చూడాలని, 3 నెలల లోపు జబ్బును అదుపు చేసే మందు మొదలవ్వాలని యూరోపియన్ రుమటాలజీ సంఘాల కూటమి యూలార్ చెబుతోంది. ఆ వ్యవధి ఎక్కువగా ఖర్చయ్యేది మన దగ్గరే. రక్త పరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చిందని, ఒంట్లో వాపును సూచించే ఈఎస్ఆర్ మామూలుగా ఉందని రోగిని ఆపడం తప్పు. జబ్బు ఉన్నవారిలోనూ ఈ రెండూ అలా ఉండవచ్చు. మరోవైపు, ఏ కీలూ వాచని పెద్ద వయసువారిలో ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఈ జబ్బుకు ప్రత్యేకమైన ప్రతిరక్షకాన్ని రక్తంలో వెతికే యాంటీ సీసీపీ పరీక్షను ఎక్కువ నమ్మవచ్చు గాని, నిర్ధారణకు మూలం వాచిన కీలే. నిపుణులు చూడకముందే స్టెరాయిడ్ మొదలుపెడితే ఆ వాపు కనబడకుండా పోతుంది.

మెథోట్రెక్సేట్ విషయంలో కుటుంబ వైద్యులు నేర్చుకోవలసింది భద్రత. ఇది వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. కాబట్టి చీటీ మీద ఏ రోజో వారం పేరుతో రాయాలి, ఫోలిక్ యాసిడ్ తోడుగా ఇవ్వాలి, మాత్ర ఒకే బలంలో దొరికేలా చూడాలి. మూత్రంలో మంటకు ఆలోచించకుండా రాసే యాంటీబయాటిక్ కో ట్రైమోక్సజోల్ ఈ మందుతో కలిస్తే ఎముక మజ్జ దెబ్బతినవచ్చు. గర్భిణులకు దీన్ని ఇవ్వకూడదు, గర్భం దాల్చే అవకాశం ఉన్నవారికి నమ్మకమైన గర్భనిరోధక పద్ధతి లేకుండా ఇవ్వకూడదు.

మోకాలి అరుగుదల

45 దాటినవారికి కదిలినప్పుడు మోకాలి నొప్పి వస్తూ, ఉదయపు బిగుతు కొద్దిసేపే ఉంటే, ఎక్స్‌రే లేకుండానే అరుగుదల అని చెప్పవచ్చని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకం అంటోంది. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ నొప్పికీ పొంతన తక్కువ. “ఎముకలు రాసుకుంటున్నాయి” అన్న మాట వింటే రోగి భయపడి నడక మానేస్తాడు. అసలు చికిత్స వ్యాయామం, అధిక బరువు ఉంటే దాన్ని తగ్గించడం. వ్యాయామం చేయండని చెప్పి పంపకుండా, గదిలోనే కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోమని చూపించి, ఎన్నిసార్లు చేయాలో మందులాగే చీటీ మీద రాయాలి. మందుల్లో ముందుగా పైపూత నొప్పి జెల్, అవసరమైతే కొద్దికాలం నోటి మాత్ర, దానితో పాటు కడుపును కాపాడే మందు. గ్లూకోసమైన్‌ను ఆ మార్గదర్శకం సిఫార్సు చేయదు. మోకాలు బాగానే కదులుతూ నొప్పి మాత్రం ఉంటే తుంటిని పరీక్షించాలి, ఎందుకంటే తుంటి నొప్పి మోకాల్లో తెలియడం మామూలే.

ఎముకల గుల్లతనం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఎముక సాంద్రతను యువవయసు సగటుతో పోల్చే టీ స్కోరు మైనస్ 2.5 గాని అంతకన్నా తక్కువ గాని ఉంటే ఆస్టియోపోరోసిస్. కానీ తేలికపాటి దెబ్బకు తుంటి గాని, వెన్నుపూస గాని విరిగిన మనిషికి స్కోరు ఎంత ఉన్నా ఎముక బలహీనమేనని గ్రహించాలి. ఒకసారి విరిగాక మరోటి విరిగే ప్రమాదం తొలి రెండేళ్లలోనే అత్యధికం కాబట్టి కట్టు విప్పేదాకా ఆగడానికి వీల్లేదు. వెన్నుపూసలు విరగడం చాలావరకు ఎవరికీ తెలియకుండానే జరుగుతుంది. యౌవనంలోని ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లకు మించి తగ్గినవారికి వెన్ను ఎక్స్‌రే తీయించాలి. అందుకే గదిలో ఎత్తు కొలిచే బద్ద తప్పక ఉండాలి.

2008లో వచ్చిన ఫ్రాక్స్ లెక్క రాబోయే పదేళ్లలో ఎముక విరిగే ప్రమాదాన్ని చెబుతుంది. అందులో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్న గడి ఉంది. మామూలు అరుగుదల ఉన్నవారికి కూడా దాన్ని టిక్ చేయడం తరచుగా జరిగే పొరపాటు. ఈ లెక్క స్టెరాయిడ్ మోతాదును గాని, ఎన్నిసార్లు పడిపోయారన్నదాన్ని గాని పట్టించుకోదు, టైప్ 2 మధుమేహం ఉన్నవారిలో ప్రమాదాన్ని తక్కువగా చూపుతుంది. ఆ సవరణ మన బుద్ధితో చేసుకోవాలి. చికిత్స మొదలుపెట్టే హద్దు దేశాన్ని బట్టి మారుతుంది గనుక మీ దేశపు మార్గదర్శకాన్ని దగ్గర పెట్టుకోండి. మందుకు ముందు కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి, థైరాయిడ్, రక్త కణాల పరీక్షలు చేయించాలి. రక్తహీనత, ఎక్కువ ఈఎస్ఆర్, వెన్నునొప్పి కలిసి ఉంటే మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) కోసం వెతకాలి.

ఎముక నష్టాన్ని తగ్గించే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్రను వారానికి ఒకసారి, లేవగానే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, 30 నిమిషాలు ఏమీ తినకుండా, పడుకోకుండా ఉండాలి. ఇది చెప్పడానికి పట్టే సమయం తక్కువే అయినా, చెప్పకపోవడం వల్లే మంట పుట్టి చాలామంది మానేస్తారు. మూత్రపిండాల వడపోత నిమిషానికి 35 మిల్లీలీటర్ల కన్నా తక్కువ ఉంటే ఇది వద్దు. ఏళ్ల తరబడి వాడుతున్నవారికి తొడలో గాని గజ్జలో గాని కొత్తగా నొప్పి వస్తే తొడ ఎముక ఎక్స్‌రే తీయించాలి. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ మరింత జాగ్రత్త కోరుతుంది: ఒక మోతాదు తప్పినా, వేరే మందు మొదలుపెట్టకుండా ఆపేసినా, ఆగిన ఎముక నష్టం ఒక్కసారిగా తిరగబెట్టి ఒకటికి మించి వెన్నుపూసలు విరగవచ్చు. తరువాతి తేదీలకు పుస్తకం పెట్టి, దాన్ని చూసే బాధ్యత ఒకరికి అప్పగించలేనివారు ఆ ఇంజెక్షన్‌ను మొదలుపెట్టకపోవడమే మేలు.

నేర్చుకున్నది నిలవాలంటే

చిన్న బృందంగా నెలకోసారి కలిసి, ఉపన్యాసాలు లేకుండా, తమ సొంత రోగుల కేసులను చర్చించుకోవడం ఉత్తమం. ఒక్కో సమావేశం నుంచి ఒక్కో మార్పును మాత్రమే ఇంటికి తీసుకెళ్లాలి. ఆరు నెలల తరువాత మొదటి జాబితాలనే మళ్లీ తీయండి. అంకె కదలకపోతే మళ్లీ అదే పాఠం చదవడం కన్నా దారిలో అడ్డు ఎక్కడుందో వెతకడం మంచిది: తుంటి విరిగి ఆసుపత్రి నుంచి వచ్చినవారి డిశ్చార్జి కాగితాన్ని ఎవరు చదువుతున్నారు, అందులోని “ఫ్రాక్చర్” అన్న మాట మీ రికార్డులో జబ్బుల పట్టికలోకి ఎక్కుతోందా, ఎక్కిన రోజే డెక్సాకు తేదీ పడుతోందా అన్నది ముగ్గురు నలుగురు రోగుల కాగితాలు వరుసగా తిరగేస్తే తెలిసిపోతుంది.