మైన్‌క్రాఫ్ట్‌లో ఎఫ్‌పీఎస్ పెంచుకోవడం – 3వ పాఠం: భారం ఎవరి మీద?

గత పాఠంలో ఎఫ్3 తెర (ఎఫ్3 కీ నొక్కితే వచ్చే సమాచారం) చదవడం, ఒకే చోట నిలబడి ఒకే దిక్కు చూస్తూ ఎఫ్‌పీఎస్ (సెకనుకు గీసే ఫ్రేముల సంఖ్య) కొలవడం చూశాం. ఇక సెట్టింగుల జోలికి వెళ్దాం. జావా ఎడిషన్‌లో (కంప్యూటర్‌లో జావా మీద నడిచే మైన్‌క్రాఫ్ట్) అన్నీ ఒకేసారి తగ్గించేస్తే ఆట అందం పోతుంది, ఏది పనిచేసిందో కూడా తెలియదు. భారం సీపీయూ మీదుందా, గ్రాఫిక్స్ చిప్ మీదుందా అన్నది ముందు తేల్చుకోవాలి.

వీడియో సెట్టింగ్స్‌లో వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ను తెర వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపేసి, మ్యాక్స్ ఫ్రేమ్‌రేట్‌ను అన్‌లిమిటెడ్‌కు జరపండి. వీసింక్ ఉంటే 60 హెర్ట్జ్ తెర మీద ఎఫ్‌పీఎస్ 60 దాటదు, మీరు చేసిన మార్పుల ఫలితం కనబడదు. పరీక్షలన్నీ అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు.

తర్వాత ఎఫ్3 తెర కుడివైపు గ్రాఫిక్స్ చిప్ పేరు చూడండి. ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా కార్డు ఉండి కూడా అక్కడ ఇంటెల్ పేరు కనిపిస్తే, మిగతా పాఠం పక్కన పెట్టి ముందు దీన్నే సరిచేయండి. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి, జావాడబ్ల్యూ డాట్ ఈఎక్స్‌ఈ (javaw.exe) మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. ఆ ఫైలునే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ కింద చేర్చి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. చాలామంది లాంచర్ ఫైలును చేరుస్తారు. ఆటను నడిపేది జావా కాబట్టి దానివల్ల మార్పేమీ రాదు. ఆట మూసి మళ్లీ తెరవండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఎఫ్11 నొక్కి ఫుల్ స్క్రీన్ నుంచి బయటికొచ్చి, విండో వెడల్పు, ఎత్తు రెండూ సగం చేయండి. గీయాల్సిన పిక్సెళ్లు నాలుగో వంతుకు పడిపోతాయి. ఎఫ్‌పీఎస్ బాగా ఎగిరితే భారం గ్రాఫిక్స్ చిప్‌ది. పెద్దగా కదలకపోతే సీపీయూది. ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డున్నా చాలు, ఈ ఆటలో ఎక్కువగా రెండోదే ఎదురవుతుంది.

గ్రాఫిక్స్ చిప్‌దే అయితే షేడర్లు (వెలుగునీడల్ని అందంగా చూపే అదనపు ప్యాక్‌లు) తీసేయండి, గ్రాఫిక్స్‌ను ఫాస్ట్‌కు మార్చండి, మేఘాలు ఆపండి. ఫుల్ స్క్రీన్ రిజల్యూషన్ ఒక మెట్టు దించండి. స్మూత్ లైటింగ్ మాత్రం ఆపకండి. దాని లెక్క చంక్‌ను (ఆట ప్రపంచంలో ఒక ముక్క) తయారు చేసేటప్పుడే ఐపోతుంది, ప్రతి ఫ్రేముకూ మళ్లీ జరగదు.

సీపీయూది అయితే రెండర్ డిస్టెన్స్‌కు (ఎన్ని చంకుల దూరం వరకు గీయాలో చెప్పే సెట్టింగ్) మించిన మందు లేదు. చంక్ అంటే 16×16 బ్లాకుల నిలువు స్తంభం. 12 పెడితే మీ చుట్టూ గరిష్ఠంగా 25×25, అంటే 625 చంకులు. 8కి తగ్గిస్తే 17×17, అంటే 289. నాలుగు మెట్లు దిగితేనే సగానికి పైగా పని తగ్గింది. అందుకే 32 నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ వేళ్లు నొప్పి పుట్టించుకోవద్దు. నేరుగా 8 పెట్టి, బాగుంటే పైకి వెళ్లండి.

సిమ్యులేషన్ డిస్టెన్స్ వేరే సంగతి. జంతువులు, పంటలు, రెడ్‌స్టోన్ (ఆటలో కరెంటు తీగల్లాంటి సర్క్యూట్లు) ఎంత దూరం వరకు పనిచేయాలో అది చెబుతుంది. సగటు ఎఫ్‌పీఎస్ కన్నా మధ్యమధ్య వచ్చే కుదుపుల మీద దాని ప్రభావం ఎక్కువ. 5 వరకు దించవచ్చు, కానీ ఆ పరిధి దాటిన పొలంలో పంట పెరగదు.

కొన్ని సెకన్లకోసారి ఆట ఆగి సాగుతుంటే ఎఫ్3లో మెమరీ శాతం గమనించండి. అది పైకెక్కి ఒక్కసారిగా పడినప్పుడే కుదుపు వస్తుంటే, జావా మెమరీలో ఇక అక్కర్లేని పాత చెత్త ఊడుస్తోందన్నమాట. లాంచర్‌లో ఇన్‌స్టలేషన్స్, ఎడిట్, మోర్ ఆప్షన్స్‌కు వెళ్లి జేవీఎం ఆర్గ్యుమెంట్స్‌లో ఎక్స్‌ఎంఎక్స్ (-Xmx, ఆట వాడుకోగల గరిష్ఠ మెమరీ) పక్కనున్న అంకెను 4జీ చేయండి. మోడ్‌లు (ఆటకు బయటి నుంచి చేర్చే మార్పులు) లేని ఆటకు అది చాలు. మొత్తం 8 జీబీ ఉన్న మెషీన్‌లో 6 ఇస్తే విండోస్‌కు చోటు మిగలక డిస్క్ మీద పడుతుంది, కుదుపులు ఇంకా పెరుగుతాయి.

వచ్చే పాఠానికి ముందు రెండర్ డిస్టెన్స్ 8, 12, 16 దగ్గర ఎఫ్‌పీఎస్ రాసి పెట్టుకోండి. ఫ్యాబ్రిక్ (మోడ్‌లను నడిపే లోడర్) మీద సోడియం (ఎఫ్‌పీఎస్ పెంచే మోడ్) వేశాక అవే మూడు అంకెలతో పోల్చిచూస్తాం.