జ్వరం వచ్చిన రోజుకు జీతం: మా దుకాణంలో రాసుకున్న పద్ధతి

విజయవాడలో మాది స్టేషనరీ టోకు దుకాణం. పనిచేసేవాళ్లు పద్నాలుగు మంది. లెక్కలు చూసేది నేను. నెలంతా నాగా పెట్టనివాళ్లకు వెయ్యి రూపాయల బోనస్ ఇద్దామన్న గొప్ప ఆలోచన కూడా నాదే. 2023 వానాకాలంలో కళ్లకలక వచ్చిన ప్యాకింగ్ కుర్రాడు ఆ వెయ్యి పోతుందని నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పనిలోకి వచ్చాడు. వారం తిరగకుండా ఆరుగురికి అంటింది. మీ దగ్గర అలాంటి బోనస్ ఉంటే ముందు దాన్ని తీసేయండి.

తర్వాత చట్టం చూడండి. మేం ఇది రాసుకున్నప్పుడు, 1988 నాటి మన ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం అనారోగ్యానికి ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో సెలవు ఇవ్వాల్సి ఉండేది. అంతకు తగ్గించి రాసుకునే వీలు లేకపోయింది.

పది మంది, ఆపైన పనిచేస్తుంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఉంటుంది. నెల జీతం 21,000 రూపాయలకు మించనివాళ్లు దాని కిందకు వస్తారు. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగిది 0.75 శాతం. జబ్బుపడితే సగటు దినసరి వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. 'ఈఎస్ఐ కడుతున్నాం కదా, ఇంకేం కావాలి' అని నేనూ అనుకున్నాను. కానీ మొదటి రెండు రోజులకు సాధారణంగా ఏమీ రాదు. పైగా ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. నిన్న చేరిన కుర్రాడికి డెంగీ వస్తే ఆ డబ్బు అందదు.

అందుకే ఇలా రాసుకున్నాం: 12 రోజులు చేరిన మొదటి రోజు నుంచే వాడుకోవచ్చు. జబ్బు సాగేలా ఉంటే మొదటి రెండు రోజులు మా ఖాతాలో, మూడో రోజు నుంచి ఈఎస్ఐలో. ఒకే రోజుకు మా జీతమూ ఆ డబ్బూ రెండూ తీసుకోకూడదు కాబట్టి ఈ విభజన. ఆ సొమ్ము అందేలోపు ఇల్లు గడవాలిగా, వడ్డీ లేని అడ్వాన్సు ఇస్తాం. 21,000 దాటిన మేనేజరుకు ఈఎస్ఐ లేదు. ఆయనకు 12 రోజులు అయిపోయాక మరో 30 రోజులు సగం జీతం.

డాక్టరు చీటీ మూడో రోజు నుంచే అడగండి. 12,000 జీతగాడికి, 26 పనిదినాల లెక్కన, రోజుకు 461 రూపాయలు. ఒక్కరోజు జ్వరానికి చీటీ కోసం 300 ఖర్చుపెట్టించడం నాకు సిగ్గుగా అనిపించింది.

సెలవు కబురు ఉదయం తొమ్మిదిలోపు నాకు ఒక్కదానికే ఫోను చేసి చెప్పాలి. పాత పద్ధతిలో అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో జబ్బు పేరుతో సహా పెట్టేవాళ్లు. ఆడపిల్లలు అందుకే కడుపునొప్పిని కూడా 'బంధువుల పెళ్లి' అని రాసేవాళ్లట.

ఇదంతా తెలుగులో ఒక్క పేజీ. హాజరు పట్టీ పక్కనే అంటించాం.